పని యిచ్చువారు – పని పుచ్చుకొనువారు



ఈ సాయంకాలము గ్రామములందలి పెద్దలతో ఒక లెక్కనుగూర్చి మాటాడవలెనని వచ్చితిని. ఇది బడిలో నేర్పెడి లెక్క కాదు. ఒకడు తన పనిని మఱియొకనిచేత చేయించునప్పుడు ఆ యిద్దఱి నడుమ పుట్టెడి లెక్క. హైదరాబాదులో ఉద్యోగములు చేయుచున్న మన మనుమలు దీనిని ఔట్‌సోర్సింగు అని పిలుచుచున్నారు. అమెరికాలోని యొక బ్యాంకు తన లెక్కలపనిని తాను చేసికొనక సముద్రము దాటించి హైదరాబాదులోని యొక సంస్థకు అప్పగించునట. పని యిక్కడ, సొమ్ము అక్కడ. మా మనుమడు ఈ సంగతి నాకు వివరించి చెప్పుచుండగా నవ్వు వచ్చినది. "ఎందుకు తాతయ్యా నవ్వుతావు?" అని వాడడిగెను. "ఇదేమీ కొత్త కాదురా, దీన్నే మన యింట్లో మజూరీ అనేవారు" అంటిని.

నేను నేతవారి యింట పుట్టినవాడను. మా నాయన గుంటమగ్గములో కూర్చుండి జీవితము గడపెను. నన్ను మాత్రము ఉన్నతపాఠశాల వఱకు చదివించి, మంగళగిరికి సమీపమున నున్న యొక యూరిలో షావుకారొకరియొద్ద గుమాస్తాగా కుదిర్చెను. అది 1971వ సంవత్సరము. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. నూలు తూచి యిచ్చుట, చీరెలు తూచి పుచ్చుకొనుట, చిట్టా వ్రాయుట నా పనులు. పేరునకు చిన్న కొలువే గాని, పని యిచ్చువాని మనస్సును పని పుచ్చుకొనువాని మనస్సును ఒకేచోట చూచుటకు ఆ కొలువును మించిన స్థలము లేదు. త్రాసు నా చేతిలోనే యుండెడిది.

నేతపని యెఱుగని శ్రోతలకొఱకు ఆ యేర్పాటు ఎట్టిదో కొంచెము చెప్పెదను. షావుకారు పడుగునకును పేకకును వలసిన నూలిచ్చును, జరీ యిచ్చును, అంచు ఎట్లుండవలెనో చెప్పును. మగ్గము నేతగానిది. మగ్గమున్న యిల్లు నేతగానిది. దీపపు ఖర్చు నేతగానిది. చీరె దిగిన పిమ్మట చీరెకింత యని మజూరీ ముట్టును. ఆ చీరె వెనుక ఒక్క నేతగాని చేతులే యుండవు. ఆయన భార్య కండెలు చుట్టును, ముసలితల్లి నూలు తోడును, పిల్లలు పడుగునకు గంజి పెట్టు వేళ తెల్లవారుజామున వీధిలో నిలుచుందురు. చిట్టాలో పద్దు మాత్రము ఒక్క పేరుననే యుండును. నేను వేలకొలది పద్దులు వ్రాసితిని గాని, కండె చుట్టిన చేతికి ఒక్క పద్దు వ్రాసిన జ్ఞాపకము లేదు.

తరుగు అను మాట మీరు వినియుందురు. ఇచ్చిన నూలు తూకమునకును, తిరిగివచ్చిన చీరె తూకమునకును గల తేడా అది. పోగు తెగును, ముడివేయుదుము, కొస కత్తిరింతుము. కొంత పోవుట సహజము. ఎంత పోవచ్చునో ముందుగా ఒప్పుకొనుట ఆచారము. ఇందులో ఒక సూక్ష్మమున్నది. ప్రత్తినూలు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. వానదినములలో తూచి యిచ్చిన నూలును ఎండదినములలో తిరిగి తూచినచో, ఎవ్వరును ముట్టకున్నను తగ్గును. త్రాసు అబద్ధమాడదు, అయినను నేతగాడు దొంగయగును. ఈ సంగతి షావుకారులందఱు ఎఱుగుదురు. ఎఱిగినదానిని లెక్కలోనికి తెచ్చువారు కొందఱు, తేనివారు కొందఱు. అట్లే వానకాలమున మగ్గపు గుంటలో నీరూరును. పని పది దినములు నిలిచిపోవును. ఆ పది దినముల నష్టము ఎవరిది? ఎవ్వరును ఎన్నడును అడుగలేదు. అడుగకుండుటచేతనే అది నేతగానిదైనది.

ఇక నాకు జరిగిన సంగతి.

మా షావుకారునకు నేసెడివారిలో ఒక పెద్దమనిషి యుండెను. బంధుత్వము లేకున్నను బాబాయి అని పిలిచెడివాడను. చేతిపని యెంత చక్కనిదనగా, ఆయన చీరెను మడత విప్పకయే పేరిన పెట్టెడివారము. ఆ సంవత్సరము తెల్లని నేలపై ఎఱ్ఱని అంచు గల చీరెలు ఆయనచేత నేయించితిమి. విజయవాడలోని దుకాణమునకు పంపితిమి. నెల తిరుగకముందే ఎనిమిది చీరెలు వెనుకకు వచ్చినవి. మొదటి ఉతుకునకే ఎఱుపు దిగి తెల్లని నేలంతయు పాడైనది. దుకాణదారుడు ఆ ఎనిమిదింటి వెల తగ్గించుకొని తక్కిన సొమ్మును మూడు నెలలకు గాని పంపలేదు.

రంగు అద్దినది నేతగాడు కాడు. వేఱొక యూరిలో రంగుల పనివానిచేత అద్దించి, అద్దిన నూలును మేమే బాబాయికిచ్చితిమి. షావుకారు ఆ రంగుల పనివానిని పిలిపించి గట్టిగా అడుగగా, ఆ విడతలో రంగు సరిగా పట్టలేదని ఒప్పుకొని, కూలిలో కొంత తగ్గించుకొనెను. ఆ పద్దు నేనే వ్రాసితిని. పిమ్మట షావుకారు బాబాయి ఖాతా తీయించి, "ఎనిమిది చీరెలకు నేతలోపం అని రాసి, మూడు వారాల మజూరీ కొయ్యి" అనిరి. ఆ పద్దును గూడ నేనే వ్రాసితిని. రెండు పద్దుల నడుమ పది పుటలు కూడ లేవు. ఒకే నష్టమును రెండుచోట్ల వసూలుచేయుచున్నామని నాకు తెలియును. నోరు విప్పలేదు. కొలువు క్రొత్త, ఇంటిలో చెల్లెండ్రు పెండ్లికి ఎదిగియుండిరి. ఇవి కారణములే గాని సమాధానములు కావు.

శనివారము బాబాయి మజూరీకి వచ్చెను. కోత సంగతి చెప్పితిని. "రంగు నేనద్దానా అబ్బాయ్? మీరిచ్చిన పోగే గదా నేసింది" అనెను. నేను చిట్టాలోనికి చూచుచు కూర్చుంటిని. ఆయన మఱేమియు అనక, నేను చూపినచోట నిశాని పెట్టి, క్రొత్త పడుగునకు నూలు తీసికొని వెడలిపోయెను. ఎంత సులభముగా ముగిసినదని నేను సంతోషించితిని గూడ.

రెండు నెలలు గడచినవి. ఒకనాడు ఆయన చీరె నొకదానిని వెలుతురునకు పట్టి చూడగా నేత పలుచనైనట్లు తోచెను. తూచితిని, తూకము సరిగానే యున్నది. భూతద్దము పెట్టి అంగుళములో పేకపోగులు లెక్కించితిని. ఉండవలసినదానికంటె నాలుగు తక్కువ. చేతితో నలిపి చూచితిని. గంజి మామూలుకంటె చిక్కగా నున్నది. మిగిల్చిన నూలు తూకమును గంజితో పూరించుచుండెనన్నమాట. నేతవారి యింట పుట్టినవాడను గనుక ఆ విద్య నాకు క్రొత్త గాదు. క్రొత్తయైనది ఆయన చేయుటయే.

ఆ సాయంకాలము ఒంటరిగా ఆయన యింటికి పోయితిని. మగ్గము ప్రక్క గోడమీద బొగ్గుతో గీచిన గీతలున్నవి. పదునెనిమిది గీతలు, అందు పదుమూడు అడ్డముగా కొట్టివేయబడియుండెను. నేను చీరె చూపకముందే ఆయన గ్రహించెను. సిగ్గుపడలేదు, కోపగించుకొనలేదు. "మూడు వారాలు, వారానికి ఆరు రోజులు. పదమూడు రోజుల కూలీ వచ్చింది. ఇంకా అయిదు రోజులది రావాలి. అది రాగానే మానేస్తాను, అబ్బాయ్" అనెను. అప్పు వసూలుచేసికొనువాని మాటవలె నుండెను. నిజమునకు ఆయన దృష్టిలో అది అంతే. మా చిట్టాకు ఎదురుగా ఆయన గోడమీద మఱియొక చిట్టా యున్నది. రెండింటిలో ఏది సత్యమైనదో వ్రాతకు నాకే బాగుగా తెలియును.

మఱునాడు ప్రొద్దున షావుకారు పూజ ముగించుకొని వచ్చువఱకు వేచియుండి, చిట్టా తెఱచి, రంగుల పనివాని పద్దును బాబాయి పద్దును చూపితిని. గోడమీది గీతల మాట యెత్తలేదు. ఆయన చాలసేపు ఆ పుటలను చూచిరి. పిమ్మట, "అయిదు రోజులది జమ వేయి. తక్కింది వాడు తీసుకున్నాడు గదా" అనిరి.

నాకు నోట మాట రాలేదు. ఆయనకు మొదటినుండియు తెలియును! ముప్పది సంవత్సరములుగా వస్త్రము చేతబట్టిన మనిషి, తాకగానే గుర్తించియుండిరి. గుర్తించియు ఊరకుండిరి. తాను చేసినది అన్యాయమని తనకు తెలియును గనుక అడుగలేకపోయిరి. అవతల బాబాయియు అడుగలేకనే నూలు మిగిల్చుకొనెను. ఇద్దఱును ఒకరి దొంగతనము నొకరు ఎఱిగి, ఒకరినొకరు గౌరవముగానే పలుకరించుకొనుచు రెండు నెలలు గడపిరి. మఱి నష్టము ఎవరిది? విజయవాడలో ఆ పలుచని చీరెలను పూర్తి వెలకు కొన్న ఆడువారిది. వారికి ఈ తగవులో సంబంధమేమి?

ఈ ప్రశ్నయే నన్ను ఇన్నియేండ్లును వెంబడించుచున్నది. న్యాయముగా తేల్చని నష్టము మాసిపోదు. ఎవడో యొకడు తన పద్ధతిలో దానిని వసూలుచేసికొనును. ఆ వసూలు తగవునకు సంబంధములేని మూడవవానిమీద పడును. ఆ యూరి వస్త్రమునకున్న పేరు తఱుగును. పేరు తఱిగిన పిమ్మట షావుకారునకు ధర రాదు, నేతగానికి మజూరీ పెరుగదు.

షావుకారును దుష్టునిగా మీరు తలపకూడదు. ఆయన నేతగాండ్ర యిండ్ల పెండ్లిండ్లకు అప్పిచ్చెడివారు, జబ్బు పడినచో వైద్యుని పంపెడివారు. అయితే ఆ దయ కూడ చిట్టాలో అడ్వాన్సు క్రింద నమోదయ్యెడిది. అడ్వాన్సు తీఱని నేతగాడు వేఱొకరికి నేయరాదు. వేఱొక షావుకారు పిలిచినచో, ఆ బాకీ ఆయన చెల్లించి నేతగానిని తీసికొనిపోవలెను. మనుష్యుడు చేతులు మాఱుట గాదు గాని, ఇంచుమించు అట్టిదే. విడిచిపోవుటకు వీలులేనివాడు న్యాయమెట్లడుగును? బాబాయి ఆ శనివారము నూలు తీసికొని మౌనముగా వెళ్లినది ఒప్పుకొని కాదు. ఆయన పేర మాయొద్ద అడ్వాన్సు ఉండెను.

మన తీరమున ఈ విషయములో పూర్వకాలము ఇంతకంటె మేలుగా నుండెనని చెప్పినచో మీరు ఆశ్చర్యపడుదురు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. తరువాతి కాలమున గోదావరీ తీరమున మాధవాయపాలెము, ఇంజరము మొదలైనచోట్ల వారు వస్త్రములు సేకరించిరి. మాధవాయపాలెపు పేరు ఇంగ్లీషువారి నోట మడపొల్లమై, ఒక విధమైన తెల్లబట్టకు పేరుగా వారి నిఘంటువులలోనికి గూడ ఎక్కినది. ఆ కాలమున వర్తకుడు నేతగానికి సొమ్ము ముందుగా నిచ్చెడివాడు. ఆ సొమ్ముతో నేతగాడే నూలు కొనెడివాడు. ఆచార్య ప్రసన్నన్ పార్థసారథి గారు 2001లో ప్రకటించిన తమ చరిత్రగ్రంథములో ఒక విశేషమును చూపిరి. పదునెనిమిదవ శతాబ్దిలో దక్షిణదేశపు నేతగాడు తీసికొన్న బయానా తిరిగి యిచ్చివైచి ఒప్పందమును ఎప్పుడైనను విడిచిపెట్టవచ్చును. వర్తకునికి మాత్రము అట్లు విడిచిపెట్టు హక్కు లేదు. వస్త్రమునకు గిరాకి పెరిగినప్పుడు నేతగాడు మేలైన ధర యిచ్చువానియొద్దకు పోగలిగెడివాడు.

ఆ హక్కు తానై పోలేదు. 1766లో నిజాముతో చేసికొన్న సంధితో ఉత్తర సర్కారులు కంపెనీవారి చేతిలోనికి వచ్చినవి. కొనువాడే పాలకుడైనాడు. నడిమి వర్తకులను తొలగించి, తమ గుమాస్తాలను నియమించి, తమకు నేయువాడు ఇతరులకు నేయరాదని కట్టుబాట్లు చేసిరి. (గుమాస్తా అను మాట అక్కడ వచ్చినప్పుడెల్ల నాకు చేతులు తడబడును.) ఆ శతాబ్దపు చివరిభాగమున మన జిల్లాలలోని నేతగాండ్రు మగ్గములు విడిచి గుంపులుగా కదలుటయు, అర్జీలు పెట్టుకొనుటయు చరిత్రలో నమోదై యున్నది. పని యిచ్చువానికి అధికారము పెరిగి, పని పుచ్చుకొనువానికి వెలుపలికి పోవు త్రోవ మూతపడినచో ఏమి యగునో దానికి ఇంతకంటె దూరపు ఉదాహరణము అక్కఱలేదు.

నరసాపురపు లేసు సంగతి గూడ ఒక మాట చెప్పవలెను. ఆ ప్రాంతమున వేలకొలది స్త్రీలు ఇండ్లలో కూర్చుండి లేసు అల్లుదురు. దారమిచ్చువారు వేఱు, నడుమ తిరుగువారు వేఱు, విదేశములకు పంపువారు వేఱు. మరియా మీస్ అను జర్మను విదుషి ఆ యూళ్లలో తిరిగి పరిశీలించి 1982లో ఒక పుస్తకము ప్రకటించెను. ఆమె చూపిన ముఖ్యవిషయము ఇది: ఆ స్త్రీలు పనివారు గారనియు, గృహిణులు తీరికవేళ చేసికొను అల్లిక యనియు చెప్పుటచేతనే కూలి అంత స్వల్పముగా నిలిచినది. పేరు మార్చినచో ధర మాఱును. మా చిట్టాలో కండె చుట్టిన చేతికి పద్దు లేకుండుటకు కారణము ఆ పుస్తకపు సంగతి విన్నప్పుడు గాని నాకు తట్టలేదు. అప్పటికి మా అమ్మ లేదు.

చట్టము లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది, మనము తలచినదానికంటె పాతది. 1872 నాటి ఒప్పందముల చట్టములో, ఒకని వస్తువును పనికొఱకు మఱియొకనికి అప్పగించుటనుగూర్చి ఒక అధ్యాయమే యున్నది. అప్పగించువాడు ఆ వస్తువులో తానెఱిగిన లోపము, వాడుకకు అడ్డువచ్చునట్టిది, ఏదైన నున్నచో చెప్పి తీరవలెను. చెప్పనిచో దానివలన నేరుగా కలిగెడి నష్టమునకు తానే బాధ్యుడు. పుచ్చుకొన్నవాడు తన సొంత వస్తువునెడ వివేకముగల మనుష్యుడు ఎంత జాగ్రత్త చూపునో అంత చూపవలెను. వేఱు ఒప్పందము లేనిచో, అంత జాగ్రత్త చూపిన పిమ్మట వస్తువు చెడినను వానిపై దోషము లేదు. 1971లో మా యూరిలో ఈ చట్టమును ఎఱిగినవారు లేరు. ఉన్నను, ఎనిమిది చీరెలకొఱకు న్యాయస్థానమున కెక్కువాడెవడు?

2006లో చిన్న పరిశ్రమల చట్టము వచ్చినది. నమోదైన చిన్న పనివానియొద్ద సరకుగాని పనిగాని పుచ్చుకొన్నవాడు, వ్రాతపూర్వకముగా గడువు పెట్టుకొన్నను నలుబదియైదు దినములకు మించి సొమ్ము ఆపరాదని అందులో నున్నది. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించెడి బ్యాంకు రేటునకు మూడు రెట్లు చొప్పున, నెలనెలకు చక్రవడ్డీ కట్టవలెను. మా విజయవాడ దుకాణదారుడు మూడు నెలలు ఆపిన కాలమున ఇట్టిది లేదు. 2023 నాటి ఆర్థికచట్టము మఱియొక మెలిక పెట్టినది: సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులో చెల్లింపని సొమ్మును, చెల్లించు సంవత్సరము వచ్చువఱకు కొనువాడు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపరాదు. మంచి యేర్పాటులే. అయినను ఫిర్యాదు వ్రాయవలసినవాడు వ్రాయడు. వ్రాసిన మఱునాడు పడుగు రాదని వానికి భయము. మరల విడిచిపోవు త్రోవయొద్దకే వచ్చితిమి.

ఇది చిన్నవారి నడుమనే జరుగునని తలపరాదు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఐరోపా అమెరికాలలోని దుకాణములు అనేకములు, బంగ్లాదేశమున అప్పటికే కుట్టి సిద్ధము చేసిన బట్టల ఆర్డరులను సయితము రద్దుచేసినవి. బట్ట కొన్నది కుట్టించినవారు. కుట్టినది అక్కడి ఆడపిల్లలు. నష్టము వారి తలమీద పడెను. లోకము నిందింపగా కొన్ని దుకాణములు మరల ఒప్పుకొని సొమ్ము చెల్లించినవి. ఒప్పందపు కాగితములు వందల పుటలుండును. అందులో పని నిలిచినచో నష్టమెవరిదను ప్రశ్నకు బలవంతుడే జవాబు వ్రాసికొనును. మా మగ్గపు గుంటలో నీరూరిన కథయే యిది.

హైదరాబాదు మాటతో మొదలుపెట్టితిని గనుక ఆ సంగతి గూడ చెప్పి ముగింతును. విదేశములవారి పని చేసిపెట్టుటలో మన నగరమునకు పేరు తెచ్చిన సత్యం కంప్యూటర్స్ అను సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు గారు 2009 జనవరి 7వ తేదీన, తమ లెక్కలలో చూపిన సొమ్ములో అయిదువేల కోట్ల రూపాయలకు పైగా అసలు లేదని తామే జాబు వ్రాసి ఒప్పుకొనిరి. 2015లో న్యాయస్థానము ఆయనను, మఱికొందఱిని దోషులుగా నిర్ణయించెను. నన్ను ఆకర్షించినది వేఱొక విషయము. పని చేసినవారు వేఱు, లెక్క వ్రాసినవారు వేఱు. వేలకొలది యువకులు రాత్రులు మేలుకొని చేసిన పనిలో అబద్ధము లేదు. అబద్ధము చిట్టాలో నున్నది. పని పుచ్చుకొన్న విదేశీయులలో కొందఱు విడిచిపోయినను అందఱును పోలేదు. ప్రభుత్వము క్రొత్త పాలకమండలిని నియమించినది. కొలది నెలలలోనే టెక్ మహీంద్రావారు ఆ సంస్థను చేపట్టిరి. చిట్టా విఱిగిన దినమున పనివారి చేతిపనియే ఆ పేరును కొంతకాలము మోసినదని నా నమ్మకము.

గ్రామములలో ఇట్టి తగవులు మీ యరుగులమీదికే వచ్చును. కౌలునకు తీసికొన్నవాడు, విత్తనపు కంపెనీకి ప్రత్తి పండించి యిచ్చువాడు, కోళ్లపిల్లలను పుచ్చుకొని పెంచి తిరిగియిచ్చువాడు, అందఱును మజూరీదారులే. మీరు తీర్పు చెప్పునప్పుడు, ఒప్పందము ఎవరియొద్దనున్నదని ఒక్కసారి అడుగుడు. నూటికి తొంబది తావుల పుస్తకము ఒక్కవైపుననే యుండును. రెండవవాని పుస్తకము గోడమీద బొగ్గుతో వ్రాసియుండును. దానిని గూడ చదువుడు. సహకారసంఘములు ఈ దోషమును తీర్చుటకే పుట్టినవి; మేలు చేసినవి గూడ ఉన్నవి. కాని సంఘములలోను మజూరీ నెలలకొలది నిలిచిపోవుట నేను కన్నులార చూచితిని. అధ్యక్షుడు మనవాడైనంతమాత్రమున పుస్తకము మనకు కనబడదు.

బాబాయి సంగతి మిగిలినది. అయిదు దినముల మజూరీ జమవేసి, ఆ మాట చెప్పుటకు ఆయన యింటికి పోయితిని. ఆయన గోడమీది తక్కిన అయిదు గీతలను గూడ కొట్టివైచి, "ఇకమీదట నూలు తూకం, తరుగు, మజూరీ, అన్నీ నా పుస్తకంలో గూడా రాసిపెట్టు. చదవడం నాకు రాదు, మా అమ్మాయికి వచ్చు" అనెను. షావుకారు మొదట గొణిగిరి, తరువాత కాదనలేదు. ఏడవ తరగతి చదువుచున్న ఆ పిల్ల ప్రతి శనివారము తండ్రివెంట వచ్చి, నేను చిట్టాలో వ్రాసినదానిని తన నోటుపుస్తకములోని లెక్కతో సరిచూచెడిది. సంక్రాంతికి ఇంటి గోడకు సున్నము వేసిరి, బొగ్గుగీతలు కనబడలేదు. ఆ తరువాత మూడవ వారమో నాలుగవ వారమో, ఆ పిల్ల నా కూడికలో తప్పు పట్టెను. చిన్నబుచ్చుకొని చూచితిని. నేను వారి పేర నలుబది పైసలు ఎక్కువ జమవేసియుంటిని. దిద్దుమని ఆమె పుస్తకము నా ముందుకు జరిపెను. తండ్రి ప్రక్కనే నిలిచియుండి నవ్వుచుండెను. నేను దిద్దితిని.